మా ఆయన కంప్యూటర్లో చేసిన కాన్పులు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. మా ఆయనకు కర్నూల్లో బట్టల అంగడి. నేను తొలి కాన్పుకు కోడుమూరులోని పుట్టింటికి రాగానే ఆయనకో కొత్త పిచ్చి పట్టుకుంది. కంప్యూటర్ సెంటర్ నడిపే స్నేహితుడెవరో సీడీ ఇచ్చాడట. భార్య నొప్పులు పడుతుంటే భర్త ఏం చేయాలో నేర్పే ఆట. తెరమీద నిండు గర్భిణి అటూ ఇటూ నడుస్తుంటుంది. ఆమె తలమీద చెంబు బొమ్మ వస్తే నీళ్లివ్వాలి, చేయి బొమ్మ వస్తే నడుము రుద్దాలి. ఆలస్యమైతే ఆమె మొహం ఎర్రబడి పాయింట్లు పోతాయి.

"ఈ పొద్దు రెండు కాన్పులు చేసినా మే" అని ఫోన్లో గొప్పలు. అంగట్లో బేరాల సంగతి అడిగితే మాత్రం మాట మార్చేవాడు. నవ్వేదాన్ని గానీ, లోపల నాకు చచ్చేంత భయం. ఆ సమయానికి ఆయన పక్కనుంటే చాలనిపించేది. మా ఇంట్లో అది జరిగే పని కాదు. కాన్పు దగ్గరికి మగవాళ్లు రారు. పైగా మా అమ్మ అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు, ఏదున్నా నాతోనే చెప్పిస్తుంది.

నొప్పులు మొదలయ్యాయని తెలిసి ఆయన బస్సు దిగి నర్సింగ్ హోమ్‌కు పరిగెత్తుకొచ్చాడు. గదిలో అడుగు పెట్టగానే అమ్మ గోడవైపు తిరిగింది.

"మీ ఆయప్పను బయట కూచోమను పాపా. మొగోళ్లకు ఈడేం పని?"

నేను చెప్పలేదు. ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. తీరా చూస్తే మహానుభావుడు నా తలమీద గాలిలోకి చూస్తున్నాడు.

"ఏం చూస్తాండారు?"

"బొమ్మ రాలేదు మే. నీకేం కావాల్నో ఎట్ల తెలిసేది?"

అంత నొప్పిలోనూ ఒళ్లు మండింది. "నోరుండాది కదా, అడగండి!" అని అరిచాను.

అడిగాడు. నీళ్లు కావాల్నా, నడుము పట్టాల్నా అని మొదలుపెట్టి ఇక ఆపలేదు. నడుమన్నాను. చీర మీద దుమ్ము దులిపినట్లు మెత్తగా రుద్దుతున్నాడు. అమ్మ కాసేపు ఓర్చుకుంది.

"గట్టిగ ఒత్తండప్పా, ఇంగా కిందికి" అంది, నేరుగా ఆయనతోనే.

నర్సు నన్ను లోపలికి తీసుకెళ్లేదాకా ఆయన్ని ఎవరూ బయటికి పొమ్మనలేదు.

పాప పుట్టింది. ఆయన మిఠాయి తేవడానికి వెళ్లినప్పుడు అమ్మ నా పక్కన కూర్చుంది.

"నలుగుర్ని కంటి. నీకేం కావాలని మీ నాయన ఒక్కతూరి గూడ అడగల్యా."

నాకు ఏడుపొచ్చింది. "అడిగింటే ఏం చెప్పేదానివమ్మా?"

అమ్మ పాప మీది పొత్తిగుడ్డ సర్దింది.

"ఏమో పాపా. అడుగుతారని తెలిసింటే ఆలోచించి పెట్టుకునేదాన్ని."