కామరాజు గారూ, పదేళ్ల కడుపునొప్పీ

ఎవరు ఏం చెప్పినా కామరాజు గారు "ఎప్పటి నుంచి?" అని అడుగుతారు. తలనొప్పిగా ఉందంటే ఎప్పటి నుంచి అంటారు. లిఫ్టు పనిచేయడం లేదంటే ఎప్పటి నుంచి అంటారు. నేను ఉద్యోగంలో చేరిన రోజు నా పేరు హరిణి అని చెప్పుకుంటే అప్పుడూ అదే అడిగారు. పుట్టినప్పటి నుంచి అన్నాను. ఆయన నవ్వలేదు. పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజున కదండీ అన్నారు.

పంజాగుట్టలో మా ఆస్పత్రి ఇన్సూరెన్స్ కౌంటరులో ఆయన బల్లకు ఎదురు బల్ల నాది. రోగుల కాగితాలు కంపెనీకి ఫ్యాక్సు చేసి, ఆపరేషన్ ఖర్చు మేం భరిస్తామని వాళ్ల చేత అనిపించడం ఆయన పని. సిబ్బంది హాజరు, సెలవులు చూడటం నా పని. ఈ సంగతి రెండువేల ఎనిమిదిలోది. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చేయనివాడు కనబడని రోజులు. వాళ్లలో ఉద్యోగం వచ్చిన ప్రతివాడూ అమ్మానాన్నలకు ఒక పాలసీ కొనేవాడు. మా కౌంటరు ముందు రోజూ తిరనాళ్లే. అంత జనంలోనూ కామరాజు గారు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి తేదీలు అడిగేవారు. మొన్నీమధ్య అంటే ఒప్పుకోరు. చాన్నాళ్లయింది అంటే మొహం చిట్లిస్తారు. తేదీ కావాలి, దానికో కాగితం కావాలి.

క్యాంటీన్ సూర్యనారాయణ ఒకసారి ఉప్మా వేడిగా ఉందన్నాడు. ఎప్పటి నుంచి అన్నారు ఈయన. మర్నాటి నుంచి సూర్యనారాయణ ఈయన ప్లేటు పక్కన "ఏడుంబావు" అని రాసిన చీటీ పెట్టడం మొదలెట్టాడు. మేం కడుపు పట్టుకుని నవ్వాం. కామరాజు గారు ఆ చీటీలను వరసగా గుండుసూదికి గుచ్చి దాచుకున్నారు.

మేనేజరు రామ్మోహనరావు గారికి మాత్రం ఈ ఆరా గిట్టేది కాదు. ఇన్సూరెన్స్ డబ్బు మూడు నెలలకు వస్తుంది, అదీ కోతలు పోను వస్తుంది. నగదు ఇచ్చే రోగి ఆ రోజే ఇస్తాడు. కంపెనీ కాదంటే కాదని చెప్పి పంపక, మీకెందుకండీ ఇదంతా అనేవారు. కామరాజు గారు అలాగేనండీ అని, తర్వాతి మనిషిని ఎప్పటి నుంచి అని అడిగేవారు.

ఆ శ్రావణంలో స్వరాజ్యం అనే ఆవిడ వచ్చింది. అమీర్‌పేటలో కోర్సులు చేసే ఆడపిల్లలకు మెస్సు నడుపుతుంది. పిత్తాశయం నిండా రాళ్లు, వారంలోగా తీసేయాలన్నారు. మూడేళ్ల కిందట తీసుకున్న పాలసీ ఉంది. నొప్పి ఎన్నాళ్లుగా అని డ్యూటీ డాక్టరు అడిగేదాకా అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

"పదేండ్ల సంది సంపుతున్నది బిడ్డా," అంది.

డాక్టరు కేసు షీటులో పదేళ్లు అని రాశాడు. కంపెనీ ఆ మాటే పట్టుకుంది. పాలసీకి ముందే ఉన్న జబ్బు కనుక పైసా ఇవ్వమని సాయంత్రానికల్లా ఫ్యాక్సు పంపింది. నలభై అయిదు వేలు కట్టాలంటే మెస్సు ఎవరికైనా అమ్ముకోవాలి. దానికన్నా రాళ్లతోనే వంట చేసుకుంటానని స్వరాజ్యం మంచం దిగి చెప్పులేసుకుంది. ఆలస్యమైతే పిత్తాశయం లోపలే పగులుతుంది, ప్రాణానికే ముప్పని సర్జన్ చెప్పినా వినలేదు.

కామరాజు గారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, నొప్పి ఎప్పటి నుంచి అని అడిగారు. పదేండ్ల సంది అంది. మెస్సు ఎప్పటి నుంచి అన్నారు. అదీ పదేండ్ల సందే. ఆవిడకు తోడుగా వచ్చిన భావన అనే అమ్మాయి, మెస్సు పెట్టి నాలుగేళ్లేనండీ అంది. మరి ఈ అమ్మాయి మీకు ఎప్పటి నుంచి తెలుసని అడిగారు.

"గీ పిల్లనా? పదేండ్ల సంది నా పానం తీస్తున్నది."

భావన హైదరాబాదు వచ్చి ఆరు నెలలైంది.

కామరాజు గారి మొహం వెలిగిపోయింది. అంతకు ముందెప్పుడూ అది వెలగగా నేను చూడలేదు. రెండు రోజులు ఓపిక పట్టమని ఆవిడను బతిమాలి మంచం ఎక్కించి వెళ్లిపోయారు. రెండు రోజులు ఆయన బల్ల ఖాళీ. మూడో రోజు పొద్దున ఒక కాగితాల కట్టతో వచ్చారు.

అందులో అసలైనది ఒక మందుల చీటీ. మొదటిసారి నొప్పి వచ్చినప్పుడు బల్కంపేట డాక్టరు రాసిచ్చింది, ఎనిమిది నెలల కిందటిది. మెస్సులో కందిపప్పు డబ్బా అడుగున దొరికిందట. ఆ డాక్టరును వెతికి పట్టుకుని, అప్పటికి నొప్పి మొదలై రెండు రోజులేనని సంతకం కూడా పెట్టించారు. మిగిలినవన్నీ స్వరాజ్యం మాటతీరుకు సాక్ష్యాలు. పదేండ్ల సంది సతాయిస్తున్న గ్రైండరు రశీదు, మొన్న ఏప్రిల్‌ది. పదేండ్ల సంది రాని గ్యాసు బండ బుకింగు, పోయిన మంగళవారానిది. పదేండ్ల సంది అద్దె పెంచుతున్న ఇంటి ఓనరు కనకయ్యతో ఒప్పందం, కిందటేడాదిది. మొత్తం పదకొండు. ఈ రోగి పదేళ్లు అన్నారంటే బాగా విసిగిపోయారని అర్థం, ఆధారాలు జతపరిచాను అని పైన ఒక ఉత్తరం.

మర్నాడు కంపెనీ డాక్టరు విజయేందర్ ఫోను చేశాడు. ఇలాంటి ఫైలు తన సర్వీసులో చూడలేదనీ, ఆవిడతో ఒకసారి మాట్లాడతాననీ అన్నాడు. స్వరాజ్యాన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి ఫోను ముందు కూర్చోబెట్టాం. కామరాజు గారు స్పీకరు నొక్కి, సైగ చేశారని ఎవరూ అనకుండా గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"అమ్మా, మా జవాబు కోసం ఎప్పటి సంది చూస్తున్నరు?" అన్నాడు డాక్టరు.

"ఏం జెప్పాలె సారూ, పదేండ్ల సంది," అంది స్వరాజ్యం.

అవతల నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. గంటలో అనుమతి వచ్చింది. ఆ మధ్యాహ్నమే ఆపరేషన్ అయిపోయింది.

నెలాఖరుకు హాజరు పట్టీ రాస్తుంటే కామరాజు గారు రాని ఆ రెండు రోజులు తగిలాయి. ఆయన సెలవులు ఎప్పుడో అయిపోయాయి కాబట్టి జీతం కోతే. వెనక పేజీలు తిప్పాను. అంతకు ముందు నెల ఒక రోజు, దానికి ముందు నెల మూడు రోజులు. ప్రతి తేదీ తర్వాతా ఎవరో ఒకరికి ఆగిపోయిన అనుమతి వచ్చింది. వాళ్ల మొహాలు నాకు గుర్తే. ఇన్నేళ్లూ ఈయన్ను చూసి నవ్వినందుకు సిగ్గేసింది.

జీతం కోయొద్దని మేనేజరు గారికి చెబుతానన్నాను. వద్దన్నారు. విషయం తెలిస్తే ఇక తిరగొద్దంటారని ఆయన భయం. మరి సెలవు కారణం అన్న గడిలో ఏం రాయమంటారని అడిగాను.

"మెస్సులో భోజనం అని రాయండి. అబద్ధం కాదు, రెండు పూటలా అక్కడే తిన్నాను."

అలాగే రాశాను. రామ్మోహనరావు గారు అది చదివి, ఈయన ఇంత తిండిపోతని అనుకోలేదని సంతకం పెట్టారు.