సంపూర్ణమ్మగారి గాలి అనుమానం

కొత్త చోటికెళ్తే ఎవరైనా గోడలు చూస్తారు, వంటగది చూస్తారు. మా సంపూర్ణమ్మగారు గాలిని అనుమానిస్తారు. హ్యాండ్‌బ్యాగులోంచి అగార్ ప్లేటు తీసి, మూత తెరిచి, ఎదురుగా కూర్చుంటారు. మళ్ళీ మూత వేసేదాకా అక్కడెవరూ తుమ్మకూడదు, దగ్గకూడదు.

అగార్ ప్లేటంటే జున్నులా గడ్డకట్టిన పదార్థం పోసిన చిన్న పళ్ళెం. గాలిలోని బ్యాక్టీరియా దాని మీద వాలుతుంది. వెచ్చగా ఉంచితే మర్నాటికి వాలిన చోటల్లా చుక్క మొలుస్తుంది. ఆ చుక్కలు లెక్కపెడితే గాలి గుట్టు బయటపడుతుంది. మెడికల్ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి రిటైరైనా ఆవిడ ఆ లెక్క మానలేదు. అక్కడి ల్యాబులో ఆవిడ కింద పనిచేసిన పాపానికి ప్లేట్లు మోయడం నేను మానలేదు.

పామర్రులో ఒక పెళ్ళిలో విస్తరి పక్కనే ప్లేటు తెరిచారు. వడ్డించే ఆయన చటుక్కున అందులో పూర్ణంబూరె వేసి, "నెయ్యి పొయ్యమంటారా అండీ?" అన్నాడు.

"నా శాంపిల్ నాశనం చేశావు కదయ్యా!"

పెళ్ళికొడుకు మేనమామ హడలిపోయి, "ఆవిడకింకో రెండు బూరెలు వెయ్యవయ్యా బాబూ" అన్నాడు.

సిటీ బస్సులో కండక్టరు టికెట్ అడిగితే, "నోటికి చెయ్యడ్డం పెట్టుకుని అడగండి, మీ నోట్లోవి కూడా నా లెక్కలో పడతాయి" అన్నారు. వన్ టౌన్ వచ్చేదాకా అతను మళ్ళీ నోరు విప్పలేదు.

ఆవిడ దగ్గర చదువుకున్న డాక్టర్ సిద్ధార్థ విజయవాడలో కంటి ఆసుపత్రి పెట్టాడు. వాళ్ళమ్మ సీతారావమ్మగారు ముహూర్తం పెట్టించి, బోణీ ఆపరేషన్ ఉచితమని మొక్కుకున్నారు. ఆ బోణీ నజీరాకి దక్కింది. చీరలకు ఫాల్స్ కుట్టి బతికే మనిషి, శుక్లాలొచ్చి సూదిలో దారం ఎక్కించలేకపోతోంది.

ఆ రోజు ఆపరేషన్ థియేటర్ నడిమధ్య పొయ్యి పెట్టి పాలు పొంగించారు. సాంబ్రాణి వేశారు. కొబ్బరికాయలు కొట్టారు. చుట్టాలు పిల్లల్ని ఆపరేషన్ బల్ల మీద కూర్చోబెట్టి ఫొటోలు దిగారు. అందరూ బయటికొచ్చాక, ఫినాయిల్‌తో నేల తుడిచి, నజీరాని లోపలికి తెమ్మన్నారు.

ఈలోగా లోపల ప్లేటు తెరిచి వచ్చిన మా మేడమ్, గుమ్మానికడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"మేడమ్, ఏసీ కొత్తది, ఫిల్టర్లు కొత్తవి" అన్నాడు సిద్ధార్థ.

"అయితే భయం దేనికిరా? రేపు ప్లేటు చూసి చేద్దువుగాని."

"ముహూర్తం దాటిపోతుందండీ! మళ్ళీ శ్రావణమాసం దాకా లేదు" అన్నారు సీతారావమ్మగారు.

"లోపలున్న బ్యాక్టీరియాకి ఇదే దివ్యమైన ముహూర్తమండీ."

"ముహూర్తం తప్పితే బోణీ తప్పినట్టే. ఉచితమూ తప్పినట్టే!"

"నన్ను కుర్చీతో సహా మోసుకెళ్ళి చెయ్యండి మరి."

ఎవరూ మొయ్యలేదు. ముహూర్తం దాటింది. నాకు నవ్వొచ్చింది గానీ నజీరాని చూసేసరికి ఆగిపోయింది. గోడవారన నిలబడి ఏడుస్తోంది. "నా వల్లే ఇంత గొడవ అమ్మా. నేనెళ్ళిపోతా."

"ఎక్కడికి? వెళ్తే తిరిగొస్తావా నువ్వు? పద మా ఇంటికి" అని మేడమ్ చెయ్యి పట్టుకున్నారు. ఆ పూట ఆవిడే అన్నం కలిపి పెట్టారు. వేళకి కళ్ళలో చుక్కల మందూ వేశారు. అన్నం దగ్గర ప్లేటు తెరవని రోజు నేను చూసింది అదొక్కటే.

మర్నాడు ప్లేటు సిద్ధార్థ ముందు పెట్టాను. సగ్గుబియ్యం చల్లినట్టు నిండా చుక్కలే. వాడు చుక్కలు లెక్కపెట్టబోయి మానేశాడు. తర్వాత వాళ్ళమ్మకేసి తిరిగి, "ఈ గదిలో కన్ను కోసుంటే ఆ కన్ను పోయేదమ్మా. మొదటి ఆపరేషన్ నజీరాగారికే, ఉచితంగానే. ముహూర్తం మేడమ్ ప్లేటు చెబుతుంది" అన్నాడు.

గది కడిగించారు, మూయించారు, మళ్ళీ ప్లేటు పెట్టించారు. ఈసారి ఒక్క చుక్కా మొలవలేదు. ఆపరేషన్ జరిగింది.

కట్టు విప్పాక నజీరా కళ్ళార్పుతూ చుట్టూ చూసింది. మేడమ్ చేతిలోని ఆ ప్లేటు దగ్గర చూపు ఆగింది. దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి, వెలుతురుకి పట్టి చూసింది.

"ఈ ఖాళీ పళ్ళెం కోసమా అమ్మా, అందరితో అంత తగువు పడ్డారు?"

"ఖాళీగా ఉండాలనే తల్లీ ఆ తగువు" అన్నారు మేడమ్. వెంటనే ముఖం చిట్లించి, "దాని మీదకి ఊపిరి వదలకు!" అని కసిరారు.