సిమెంటుకు దాహం వేస్తే

పసిపిల్ల ఏడుపు వినపడితే కొందరికి కాలు నిలవదు. మేడ్చల్ సోమయ్యకు సిమెంటు దాహం వినపడేది. కొత్త గోడ కనపడిందంటే చేతిలో పని అక్కడే పడేసి బకెట్టు కోసం వెతికేవాడు. గోడ ఎవరిదన్నది ఆయనకు అనవసరం.

అది ఊరి చుట్టూ పొలాలు ప్లాట్లవుతూ, తెల్లారేసరికి ఏదో ఒక మూల కొత్త పిల్లర్ మొలిచే కాలం. ఊళ్ళు తిరిగేవాళ్ళకు రకరకాల భక్తులు తగులుతారు. చీమలకు చక్కెర చల్లేవాళ్ళుంటారు, రాళ్ళకు పసుపు పూసేవాళ్ళుంటారు. మురుగు పారే మోరీ గోడకు నీళ్ళు పోసి, "తాగు బిడ్డా, మస్తు ఎండగున్నది" అని బుజ్జగించే భక్తుడు మాత్రం మేడ్చల్‌కే దక్కాడు. ఒకసారి పెళ్ళి భోజనం మధ్యలో లేచి, ఫంక్షన్ హాలు వెనక కడుతున్న గోడను తడిపి వచ్చాడు.

"ఎంగిలి చెయ్యన్న కడుక్కోవా బావా?" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి.

"నేను ఎప్పుడన్న కడుక్కుంట. గోడకు చేతులున్నయా?"

ఆయన భార్య లక్ష్మీకాంతమ్మకు కుర్చీ అంటే గిట్టదు. తిన్నా, కూర తరిగినా, ముచ్చట పెట్టినా నేల మీదే. మోకాళ్ళు వాచిన ఏడాది, చలికాలం మొదలు కాగానే ఇంట్లోని నాపరాళ్ళు ఆమెను తరిమేశాయి. అలియాబాద్‌లో చెల్లెలి మట్టి నేల మీదికి వెళ్ళిపోయి, "ఆ సల్లదనం పొయ్యేదాక నేను రాను" అని కబురు పెట్టింది. సోమయ్య తన వంట తానే తిని సగమయ్యాడు.

కూతురు యమున పూనుకుంది. ముందు గదిలో రాళ్ళు తీయించి, చదునుగా కాంక్రీటు పోయించింది. దాని మీద చలి ఆపే ఫోమ్ షీటు, ఆ పైన పొరలు పొరలుగా అతికించిన ఇంజినీర్డ్ వుడ్ పలకలు వేయాలి. గాజులరామారం నుంచి వచ్చిన ఫిట్టర్ లక్ష్మణ్ ముందే చెప్పాడు.

"అక్కా, నీళ్ళు పట్టే రోజులు అయిపోయినయి. ఇగ ఆరాలె. తడి మీద ఏస్తే చెక్క ఉబ్బి లేస్తది."

ఈ మాట చెప్పేటప్పుడు సోమయ్య ఇంట్లో లేడు. ఎక్కడున్నాడో వేరే చెప్పాలా?

లక్ష్మణ్ నేల మీద ప్లాస్టిక్ ముక్క పరిచి అంచులకు టేపు అంటించాడు. అడుగున చెమ్మ పట్టకపోతే నేల ఆరినట్టు. వారం తరువాత తీస్తే నీటి చుక్కలు. ఇంకో వారం ఆగి తీస్తే ఏకంగా ధార. పైపులు తవ్వి చూశారు, కారడం లేదు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నీటి జాడ చెప్పే పెద్దమనిషిని పిలిచారు. గది మధ్యకు రాగానే ఆయన చేతిలో టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.

"కింద గంగమ్మున్నది!"

"బోరు ఏసే బాధ తప్పింది," అని అందరికంటే ఎక్కువ సంబరపడింది సోమయ్యే.

లక్ష్మణ్ సామాను సర్దుకున్నాడు. "ఇగ ఎండకాలం జూద్దాం అక్కా."

అంటే చలికాలమంతా అమ్మ రాదు. ఆ దిగులుతోనే తెల్లవారుజామున ముందు గదిలోకి వచ్చిన యమునకు నాయిన కనపడ్డాడు. టేపు జాగ్రత్తగా ఊడదీసి, ప్లాస్టిక్ ఎత్తి, చెంబుతో నీళ్ళు పోసి, మళ్ళీ టేపు అతికిస్తున్నాడు.

"నాయినా! ఏం జేస్తున్నవ్?"

"మెల్లగ మాట్లాడు, తాగుతాంది. నీ ఫిట్టర్ పిలగాడు తెలివిగలోడే బిడ్డా. మా కాలంల తడి గోనెసంచులు కప్పుతుంటిమి. ఈడు తడి ఆరకుండ ప్లాస్టిక్ కప్పిండు. గని పోసుడు మర్శిపోతాండు."

"నాయినా, గది ఆరిందో లేదో చూసేటందుకు పెట్టింది! గది ఆరితేనే అమ్మ ఇంటికొస్తది!"

సోమయ్య చేతిలో చెంబు ఆగిపోయింది. పక్కనున్న ఖాళీ బకెట్టు బోర్లించి దాని మీద కూలబడ్డాడు.

"మీ అమ్మ కూసునే జాగ పగులొద్దని పోసిన. అంటే ఆమెను ఆపింది నేనేనా?"

ఆ పూట ఆయన వీధిలోకి వెళ్ళలేదు. కాసేపటికే పక్క గల్లీ సుశీల పరుగెత్తుకొచ్చింది. ఆమె, భర్త ఇద్దరూ కంపెనీలో పనిచేస్తారు.

"సోమన్నకు పానం మంచిగలేదా? మా గోడ ఇంక పొడిగనే ఉన్నది!"

"మీ గోడ మీరు తడుపుకోరాదు?" అంది యమున చిరాగ్గా.

"మేం డ్యూటీకి పోతే ఎవ్వలున్నరు పిల్లా? మా గల్లీల అందరి గోడలు నిలవెట్టింది మీ నాయిననే. మా ఆయన షిఫ్టు మారితే నాకన్న ముందుగాల ఈయనకే ఎరుక. ఇల్లు ఖాళీగుండే యాళ్ళకు బకెట్టు పట్కొని అస్తడు."

యమున నాయిన వైపు చూసింది. ఆయన బకెట్టు అంచు గీరుతున్నాడు. పిచ్చి అనుకున్నదానికి ఇంత లెక్క ఉందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు.

సంగతంతా విన్న సుశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తరువాత ఇంటికి వెళ్ళి టేబుల్ ఫ్యాన్ పట్టుకొచ్చింది. చలికాలం కదా, గల్లీ గల్లీలో ఫ్యాన్లన్నీ ఖాళీగానే ఉన్నాయి. సాయంత్రానికి ముందు గది నిండా ఫ్యాన్లే. పెళ్ళికొచ్చిన చుట్టాల్లా అన్నీ తలలు అటూ ఇటూ తిప్పుతున్నాయి.

సోమయ్య గుమ్మంలో కాపలా కూర్చున్నాడు. తడికాళ్ళ వాళ్ళను వాకిట్లోనే ఆపేశాడు. సంగతి తెలిసి వచ్చిన లక్ష్మణ్ చేతిలో నీళ్ళ సీసా చూసి కేకేశాడు.

"అది బయట పెట్టి రా! నీ చెమట గూడ తుడ్సుకో!"

మూడోసారి ప్లాస్టిక్ తీసేసరికి అడుగు పొడిగా ఉంది. చెమ్మ పైకి ఎక్కకుండా పాలిథీన్ పరిచారు, దాని మీద ఫోమ్ పరిచారు. "దీనికి నీళ్..." అని సోమయ్య నోరు తెరవబోతే యమున ఒక్క చూపుతో మూయించింది. పలకలు ఒకదానిలో ఒకటి టక్కుటక్కున కూర్చున్నాయి.

లక్ష్మీకాంతమ్మ వచ్చింది. అనుమానంగా ఒక పాదం మోపింది, తరువాత రెండోది. మెల్లగా కూర్చుని కాళ్ళు చాపి, అరచేత్తో నేలను తడిమింది.

"ఏందే యమునా, ఎవ్వలో ఇప్పుడే కూసొని లేసినట్టు ఎచ్చగున్నది!"

గుమ్మంలో నిలబడ్డ సోమయ్య గొంతు ఎండిపోయింది.

"బిడ్డా, జర చెంబుల నీళ్ళు తే."

గదిలో అందరూ దిగ్గున లేచారు. లక్ష్మణ్ చేతులు చాచి పలకలకు అడ్డం పడ్డాడు.

"తాగనీకెరా!" అన్నాడు సోమయ్య.

యమున తెచ్చిన చెంబును లక్ష్మీకాంతమ్మ మధ్యలోనే అందుకుంది. నవ్వు ఆపుకుంటూ మొగుడికి చాపింది.

"ఇగో, తాగు. గడపవతల నిలవడి తాగు."