ముసలి ఏనుగు దగ్గర తెగిన చప్పుడు

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం, టీవీలో మంచు ఎలుగుబంట్ల ఎపిసోడ్ చూస్తూ మా ఆయన దువ్వెనతో అరికాళ్లు గోక్కున్నారు. తర్వాత చేతులు, వీపు. నాలుగు రోజులుగా దురద అన్నారు. చెమటేమో అనుకున్నాను. ఎపిసోడ్ అయ్యాక కిటికీ తెరిస్తే ఆ వెలుతురులో ఆయన కళ్లు పసుపుగా కనిపించాయి.

మేము తరాలుగా మద్రాసువాళ్లం. ఆయన కోడంబాక్కంలో ముప్పై ఏళ్లకు పైగా సినిమాలకు సౌండ్ ఎఫెక్ట్స్ చేశారు. తెర మీద మనిషి నడిస్తే, స్టూడియోలో ఆ అడుగుల చప్పుడు చేసేది ఆయన. నేను చింతాద్రిపేటలో ఒక బడి లైబ్రరీ చూసేదాన్ని. ఇద్దరం రిటైరయ్యాక అడవుల మీద, సముద్రాల మీద వచ్చే డాక్యుమెంటరీ సిరీస్‌లతో మధ్యాహ్నాలు గడిచేవి. ఆయనతో కలిసి చూడటం అంత సులువు కాదు.

"ఆ ఎలుగు అడుగుల చప్పుడు నిజమనుకుంటున్నావా సరళా? కెమెరా ఆడెక్కడో ఉంది. మైకు దాని కాలికి కట్టినారా? ఎవడో నాలాంటోడు ఏసీ రూములో కూర్చోని మొక్కజొన్నపిండి మూట పిసుకుతా ఉన్నాడు."

మా అమ్మాయి హేమ విసుక్కునేది. "అయ్యో నాన్నా, చూడనీ. ఉన్నింది ఉన్నట్టు చూస్తే ఏం పోతుంది నీకు?"

"సరి సరి, నోరు మూసుకుంటా" అని రెండు నిమిషాలు ఆగేవారు.

చప్పుడు అబద్ధమని తెలిసీ ఎందుకు చూస్తారని ఒకసారి అడిగాను. "చప్పుడు మనోళ్లు కలిపిందే. ఆ జంతువు మాత్రం నటించడం లేదు కదా. నటించేవాళ్ల కాళ్లకిందే నా బతుకంతా పోయింది" అన్నారు. పులికాట్‌కు పోయి, అక్కడి సరస్సు మీద చలికాలంలో దిగే ఫ్లెమింగోల గోలను తన రికార్డర్‌లో పట్టుకోవాలని, దానికి ఏమీ కలపకుండా ఉంచాలని ఆయన కోరిక. ఇంటికి రెండు గంటల దూరం. ఎప్పుడైనా పోవచ్చులే అని ఎన్నడూ పోలేదు.

రక్తపరీక్షలో బిలిరుబిన్ బాగా ఎక్కువ వచ్చింది. అల్ట్రాసౌండ్ తర్వాత "అబ్‌స్ట్రక్టివ్ జాండిస్", పిత్తనాళంలో అడ్డం పడి వచ్చే కామెర్లు, అన్నారు. సి.టి. స్కాన్, బయాప్సీ అయ్యాక డాక్టరు నన్నూ హేమనూ మాత్రం గదిలోకి పిలిచారు. పాంక్రియాస్ హెడ్‌లో మాస్, అంటే క్యాన్సర్ గడ్డ ఉంది, లివర్‌లో కూడా స్పాట్స్ ఉన్నాయి, సర్జరీ కుదరదు, నయం చేయదు గానీ బాధ తగ్గించే పాలియేటివ్ కీమో ఇవ్వవచ్చు అన్నారు. "పేషెంటుకు ఎంత వరకు చెప్పమంటారు?" అని అడిగారు.

హేమ తమిళంలో అంది: "అప్పాకిట్ట సొల్ల వేండాం డాక్టర్." నాన్నకు చెప్పొద్దని. నేను తల ఊపాను. మా ఇళ్లలో అంతే. మా మామగారికీ చెప్పలేదు, మా అమ్మకూ చెప్పలేదు. చెబితే ధైర్యం పోతుందంటారు. నేను జీవితమంతా పుస్తకాల మధ్య ఉన్నదాన్ని. అయినా ఆ గదిలో మా పెద్దవాళ్లు చేసిందే చేశాను.

ఆయనకు పిత్తనాళంలో అడ్డం అని మాత్రం చెప్పాం. నాళం తెరుచుకునేలా స్టెంట్ గొట్టం వేశారు. పది రోజుల్లో దురద తగ్గింది, కళ్లు తెల్లబడ్డాయి, ఇడ్లీ రెండు నుంచి నాలుగుకు వచ్చింది. కీమోకు "మళ్లీ అడ్డం పడకుండా డ్రిప్" అని పేరు పెట్టాం. 

జనవరిలో అడిగారు. "పులికాట్‌కి పోయొద్దామా? ఇప్పుడు ఒళ్లు బాగుంది. హేమకి ఆదివారం లీవే కదా."

ఎండ, దుమ్ము, ఇన్ఫెక్షన్ అని భయపడ్డాను. "వచ్చే సీజన్‌కి పోదాం. ముందు పూర్తిగా కోలుకోండి" అన్నాను. వచ్చే సీజన్ ఉండదని నాకు తెలుసు. ఆయన సరేనని రికార్డర్‌ను మళ్లీ బీరువాలో పెట్టారు.

ఫిబ్రవరికి బలం తగ్గింది. మంచం హాల్లోకి మార్చాం. కళ్లు మూసుకుని వింటూ ఉండేవారు, రిమోట్ నా చేతిలో ఉండేది. ఒక ఎపిసోడ్‌లో కరువు నేల. గుంపును నడిపే ముసలి ఆడ ఏనుగు వెనకపడింది. ఒకసారి మోకాళ్ల మీద కూలి, లేచింది. రెండోసారి కూలినప్పుడు నేను పది సెకన్లు ముందుకు దూకే బటన్ నొక్కాను. మళ్లీ నొక్కాను. నీళ్ల దగ్గర పిల్ల ఏనుగులు వచ్చేదాకా నొక్కాను.

ఆయన కళ్లు తెరవకుండానే అన్నారు: "ఆడ కీచురాళ్ల చప్పుడు తెగింది. ఏం తీసేసినావు?"

"నెట్ సరిగా లేదండీ."

"నెట్ పోతే ఆగుతుంది సరళా. ఇది దూకింది."

అంతే.  

మార్చిలో చలిజ్వరం వచ్చింది. స్టెంట్ మూసుకుపోయి కొలాంజైటిస్, పిత్తనాళంలో ఇన్ఫెక్షన్, అన్నారు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. స్టెంట్ మార్చారు, జ్వరం తగ్గింది, మనిషి సగమయ్యారు. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి "కీమో ఇక వద్దమ్మా. ఇంటికి తీసుకెళ్లండి. నొప్పి లేకుండా చూసుకుందాం. కొన్ని వారాలు" అన్నారు.

ఇంటికి వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం, హేమ అంబత్తూరులో తను పనిచేసే ఫ్యాక్టరీకి పోయి ఉంది. "ఆ ఏనుగు ఏమైందో చూపించు" అన్నారు.

పెట్టాను. రిమోట్ టీపాయ్ మీద పెట్టేశాను. ఏనుగు కూలింది. చాలాసేపు ఊపిరి తీసింది, తర్వాత తీయలేదు. గుంపు వెనక్కి వచ్చింది. ఒక్కొక్కటీ తొండంతో దాని దవడ తాకి నిలబడ్డాయి. గాలి, కీచురాళ్లు తప్ప ఏమీ వినిపించలేదు.

"ఈడ ఎవరూ ఏం కలపలా" అన్నారు. ఆ మాటలో మెచ్చుకోలు ఉంది. తెర మీంచి నా వైపు తిరిగి, "నాకెంత టైముందంట?" అన్నారు.

"వారాలన్నారు."

"సరి."

నేను ఏడుస్తుంటే చెయ్యి పట్టుకున్నారు. "డ్రిప్ అంటివి. ఆ వార్డు బోర్డు మీద ఆంకాలజీ అని ఇంతింత అక్షరాలు ఉండాయి. చదువురానోడినా నేను? జబ్బు పేరు నాకు తెలుసు. ఎంతదాకా వచ్చిందో తెలియలా. నయమవుతుందనే అనుకుంటిని. నువ్వు ఏనుగుని తీసేసిన రోజు తెలిసింది."

"అప్పుడే అడగలేదే?"

"నువ్వు అంత కష్టపడి నటిస్తా ఉంటే ఎట్లా అడిగేది?" కొంచెం నవ్వారు. తర్వాత, నిందించినట్టు కాకుండా, లెక్కగా చెప్పినట్టు అన్నారు: "జనవరిలో చెప్పుంటే పులికాట్‌కి పోయుంటిమి. ఇప్పుడు నేను లేవలేను, ఆ పక్షులూ వెళ్లిపోయుంటాయి."

 

తర్వాత మూడు వారాలు ఉన్నారు. జబ్బు రోజుల్లోకెల్లా అవే మంచివి అని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ అదే నిజం. దాచడానికి ఏమీ లేదు. హేమ వచ్చి పక్కన కూర్చుని ఏడ్చింది, పోట్లాడింది, ఎప్పుడూ దాటేసే తన పెళ్లి మాట తనే ఎత్తింది. మిగిలిన ఎపిసోడ్లు ఏదీ దాటించకుండా చూశాం. ఏప్రిల్‌లో ఒక ఉదయం, నేను పాలు కాచి తెచ్చేలోపల పోయారు.

ఈ చలికాలం నేనూ హేమా పులికాట్‌కు పోయాం. ఆయన రికార్డర్ తీసుకెళ్లాం. పక్షులు దూరంగా, నీళ్లలో లేత గులాబీరంగు గీతలా ఉన్నాయి. గాలి తగలకుండా మైకుకు స్పాంజి తొడగాలని నాకు తెలియదు. ఇంటికి వచ్చి వింటే ముప్పావు వంతు గాలి హోరు, నడుమ "అమ్మా, ఆడ చూడు" అని హేమ గొంతు, ఎక్కడో పక్షులు. దాన్ని అలాగే ఉంచాను. మధ్యాహ్నాలు ఇప్పుడూ సిరీస్‌లు చూస్తాను. ఎలుగు నడిస్తే పిండి మూట గుర్తొస్తుంది.

ఇది చదివేవాళ్ల ఇంట్లో ఇలాంటి రిపోర్టు ఉంటే ఒక్కటే చెబుతాను. చెప్పొద్దని డాక్టరును అడిగే ముందు, ఆ మనిషినే అడగండి: "రిపోర్టులో ఏముందో నీకు ఎంతవరకు చెప్పమంటావు?" వద్దంటే ఆపండి. చెప్పమంటే కాళ్లాడుతున్నప్పుడే చెప్పండి. మా ఇంట్లో రిమోట్ నా చేతిలో ఉండింది. అది ఆయన చేతిలో ఉండాల్సింది.