కండెల బుట్టలో గోలీలు

మొన్న మంగళవారం పొద్దున సరిగ్గా ఏడు గంటల పది నిమిషాలకు, కాశిబుగ్గలో మా ఇంట్లో చాయ్ తాగుతుండగా మా మనవరాలి ఫోనులో అలారం మోగింది. పెళ్లయి ఏడాదన్నా కాని ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి, సంచిలోంచి గోలీల పట్టీ తీసి, అందరి ముందే ఒక గోలీ మింగి మళ్లీ చాయ్ అందుకుంది. పిల్లలు అప్పుడే వద్దనుకునేవాళ్లు వేసుకునే గోలీ. నా చాయ్ మాత్రం చల్లారిపోయింది.

నా మూడో కాన్పులో నెత్తురు బాగా పోయింది. ఇంకొకటి కడుపున పడితే ప్రాణానికే ముప్పు, ఒంట్లో రక్తం పట్టాకే ఆపరేషన్, అప్పటిదాకా రోజుకో గోలీ అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా ఆయన తాను ఆపరేషన్ చేయించుకుంటే మగ్గం నేసే బలం పోతుందని ఆ మాటే ఎత్తనిచ్చేవాడు కాదు. మా అత్తకు గోలీలంటేనే గిట్టదు. అందుకని పట్టీని, మగ్గానికి నూలు చుట్టి పెట్టే కండెల బుట్టలో అడుగున దాచి, రోజూ పొద్దున రాట్నం ముందు కూర్చున్నాక, మొదటి కండె చుట్టే ముందు ఒకటి మింగేదాన్ని. అప్పట్లో నాకు గడియారం చూడటం రాదు, అక్షరం రాదు. చేతికి అలవాటైన పనికి ముడిపెడితే మరిచిపోనని నా తెలివి.

ఆ తెలివే ముంచింది. అమావాస్య నాడు మా నేతోళ్ల ఇళ్లలో మగ్గం ఆడదు, రాట్నం తిరగదు. అత్త వాటికి బొట్లు పెట్టి బుట్ట మీద గుడ్డ కప్పితే ఇక ఎవరూ ముట్టకూడదు. పని లేని రోజు గోలీ కూడా లేదనుకున్నాను. నెలకొకటి తప్పినా ఏమీ కాకపోయేసరికి ధైర్యం కూడా వచ్చింది. ఆ ఏడు మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోయి నాలుగు రోజులున్నాం. బుట్ట ఇంట్లోనే గుడ్డ కింద ఉంది. తిరిగొచ్చి రాట్నం పట్టాను, గోలీ పట్టాను, తర్వాత నెల తప్పాను.

దవాఖానలో నర్సమ్మ నా పట్టీలో మిగిలిన గోలీలు చూసి ఇవెందుకున్నాయని అడిగింది. అమావాస్య సంగతి, జాతర సంగతి చెప్పాను. ఆమె నెత్తి కొట్టుకుంది.

"మగ్గానికి అమాస ఉంటది గని, నీ మొగనికుంటదా అమ్మా?"

వరసలో కూర్చున్న ఆడవాళ్లంతా పకపకా నవ్వారు, నేనూ నవ్వాను. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. తీసేయడానికి కూడా నా ఒంట్లో రక్తం చాలదన్నారు. ఆ నెలలన్నీ నా ముగ్గురు పిల్లలకు అన్నమెవరు పెడతారా అని లెక్కలు వేసుకుంటూనే కండెలు చుట్టాను. కాన్పు నాడు, ఆపరేషన్‌తో బలం పోతుందని భయపడ్డ మా ఆయనే చెయ్యి చాచి రక్తమిచ్చాడు. బతికాను, కానీ నడుము మాత్రం మళ్లీ నాది కాలేదు.

నలభై దాటాక మా వాడలో పెద్దల బడి పెడితే పోయి అక్షరాలు నేర్చుకున్నాను. నేను మొదటిసారి చివరిదాకా చదివింది కథ కాదు, మా కోడలి గోలీల డబ్బాలోని కాగితం. పనున్న రోజు అని అందులో ఎక్కడా లేదు. ప్రతిరోజూ అని ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో మగ్గం లేదు, రాట్నం అటక మీద ఉంది, అమావాస్య ఎప్పుడొచ్చి పోతుందో ఎవరికీ పట్టదు, ఆ ఫోను మాత్రం ఆ రోజు కూడా మోగుతుంది. మంచిదే. దాచుకుని మింగిన అన్ని పొద్దులూ ఒక్కసారి గుర్తొచ్చి అలసటగా ఉంది, అంతే.

ఆ పొద్దున అక్కడున్నది నలుగురం: నేను, గోడకానుకుని కూర్చున్న మా ఆయన, గోలీ మింగిన మనవరాలు, గ్లాసులు ఏరుతున్న దాని తల్లి. జాతర నుంచి వచ్చాక నా కడుపున పడ్డ నాలుగో బిడ్డ ఆమే. ఇన్నేళ్లూ ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటుంది.