చెల్లని తెల్ల కాగితం

"శ్వేతపత్రం: ఒక అంశంపై ప్రభుత్వం తన దగ్గరున్న వాస్తవాలన్నిటినీ ప్రజల ముందు పెట్టే అధికారిక పత్రం." దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ఈ వాక్యాన్ని వల్లె వేసి వల్లె వేసి నోరు నొప్పి పుట్టేది. నాలుగు మార్కుల ప్రశ్న. ఆ నాలుగు మార్కుల మాటే మా అమ్మను నలుగురిలో నవ్వులపాలు చేసింది. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. ఎల్‌బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. బస్సులు ఆపి, నడిరోడ్డు మీదే పొయ్యిలు వెలిగించి, అక్కడే వండుకుని తినడం. బ్లౌజులు కుట్టే మా అమ్మ ఆ పూట మిషను మూసేసి, అక్కడికి పోయి పెద్ద గిన్నెలో పప్పుచారు కాచి వచ్చింది. వస్తూ వస్తూ మైకులో విన్న మాటొకటి వెంట తెచ్చుకుంది.

"భూముల మీద శ్వేతపత్రం ఇయ్యాలె అంటున్నరు. శ్వేతపత్రం అంటే ఏంది బిడ్డా?"

నేను పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. "శ్వేతం అంటే తెలుపు, పత్రం అంటే కాగితం. తెల్ల కాగితం, అంతే" అన్నాను. జవాబు కంఠతా వచ్చినదాన్ని, అమ్మకు నాలుగు మాటలు విడమరిచి చెప్పడానికి బద్ధకించాను.

అమ్మకు తెల్ల కాగితం అంటే ఒక్కటే. నల్లగొండ వైపు నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో మా నాన్న ఒక రైతు దగ్గర ఇంటి జాగా కొన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు. తెల్ల కాగితం మీద రాసుకున్నారు. తూర్పున బాట, పడమర మోటబావి, కింద రైతు వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. మా ఊళ్లో భూములు అట్లాగే చేతులు మారేవి, మాట అంటే మాటే. నాన్న పోయాక ఆ జాగాలోని రెండు రేకుల గదులే మాకు దిక్కు. పత్రాలు చూపించకపోతే ఆ గదులు కూల్చేస్తామని అప్పటికే నోటీసు వచ్చి ఉంది.

మర్నాడు అమ్మ మంచి చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఆ నోటీసు పంపిన ఆఫీసుకు పోయింది. ఎందుకో చెప్పలేదు. లోపలికి పోయాక కవరులోంచి కాగితం తీసి గుమాస్తా బల్ల మీద పెట్టింది.

"భూములకు శ్వేతపత్రం గావాల్నట గదా సారూ. మా దగ్గరున్నది."

గుమాస్తా పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. పక్క బల్లల వాళ్లను పిలిచి మరీ చెప్పి నవ్వించాడు. పోనీ పరాయివాడా? కాదే! మా యాసే. కుర్చీ వెనక ఉద్యమ కండువా వేలాడుతోంది.

"గది సర్కారు ఇచ్చేదమ్మా. నీ తెల్ల కాగితం చెల్లది."

"సర్కారు రాస్తె పత్రం, మేం రాస్తె చిత్తుకాగితమా? గిదెక్కడి న్యాయం సారూ?" అంది అమ్మ.

అతను కాగితాన్ని అమ్మ వైపు నెట్టేశాడు. వాస్తవాలు దాచకుండా ముందు పెట్టేదే శ్వేతపత్రమైతే, అమ్మిందెవరో కొన్నదెవరో హద్దులేవో ఉన్నదున్నట్టు రాసిన మా కాగితానికి ఏం తక్కువని నేను గొంతు చించుకుని అడగాల్సింది. చదువుకున్నదాన్ని, బొమ్మలా నిలబడ్డాను.

నెల తిరగకముందే జేసీబీ వచ్చింది. దాని వెంట వచ్చిన అధికారి ఆర్డరు చదవబోతుంటే, అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"గిది గూడ తెల్ల కాగితమే గదా బిడ్డా?"