ఓనరు యలమంద

యలమందకు కోపం రాదు. నాకు కోపం తెప్పించేది ఆ సంగతే. మేమిద్దరం ఒకే బళ్లో చదువుకున్నాం. నేను ప్రత్తిపాడు రోడ్డు మీద వెల్డింగ్ షాపు పెట్టుకున్నాను. వాడేమో ఊళ్లు పట్టుకు తిరిగి ఎవరెవరివో మిషన్లు నడిపి, చివరికి తుళ్లూరు దగ్గర రాజధాని పనుల్లో ఒక కంపెనీకి చిన్న చైన్ బండి డ్రైవరుగా కుదిరాడు.

చైన్ బండంటే ట్రాక్టరంత ఉంటుంది. టైర్ల బదులు రెండు పక్కలా రబ్బరు చైన్లు, ముందు బకెట్టు. వానాకాలం మా నల్లరేగడిలో టైరు బండి దిగబడి కూర్చుంటే, ఇది బురద మీద బాతులా పోతుంది. కంపెనీ ఆ పని ముగించి మిషన్లు అమ్మేస్తుంటే, యలమంద తను నడిపిన బండినే కొంటానన్నాడు. చూసి చెప్పమని నన్ను తీసుకెళ్లాడు. కింద దూరి చూశాను. చైన్లు పర్వాలేదు గానీ, వాటి లోపలి రోలర్లన్నీ అరిగి ఉన్నాయి.

"ఒరేయ్, దీని వయసైపోయింది. కొనేటప్పుడు ఇచ్చేదొక్కటే ధర కాదురా, కొన్నాక మొదలవుద్ది అసలు ఖర్చు" అన్నాను.

"తెలియని దేవత కంటే తెలిసిన దెయ్యం నయం కదరా ప్రభూ. దీని ప్రతి చప్పుడూ నాకు తెలుసు."

"చప్పుడు తెలిస్తే రిపేరు తగ్గుద్దా?"

నవ్వాడు. వాడు అప్పటికే దాని మీద మనసు పడ్డాడు. పెళ్లిచూపుల్లో పిల్ల నచ్చినవాడికి జాతకాలు చెప్పి ఏం లాభం? వాడి భార్య శివపార్వతికి పెళ్లినాడు పసుపు కుంకుమల కింద పుట్టింటివాళ్లు అర ఎకరం ఇచ్చారు. "ఎన్నాళ్లని ఒకళ్ల బళ్లు తుడుస్తావు?" అని ఆమే ఆ చేను అమ్మించింది. ఆమె తండ్రి ఆదెయ్య ఒక్క మాట అనలేదు. అనకపోవడమే తర్వాత కొంప ముంచింది.

మొదటి ఏడాది బాగానే గడిచింది. ఇళ్ల స్థలాల మెరక, చెరువుల్లో పూడిక, మిరప కల్లాల చదును. పొద్దున్నే బండికి బొట్టు పెట్టి బయలుదేరేవాడు. సాయంత్రం చైన్ల మధ్య మట్టి పుల్లతో గీకి గీకి, నీళ్లు కొట్టి గానీ ఇంటికి పోయేవాడు కాదు. వాణ్ణి అంత సంతోషంగా నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

డ్రైవరుగా ఉన్నన్నాళ్లూ యలమంద ఒక పని మాత్రం చేసేవాడు కాదు. పత్తి కట్టె కొట్టిన చేలో బండి దించేవాడు కాదు. పత్తి ఏరడం అయిపోయాక మావాళ్లు కట్టెను కత్తితో ఏటవాలుగా నరుకుతారు. జానెడు మోళ్లు ఈటెల్లాగా నిలబడి ఉంటాయి. ట్రాక్టరు టైర్లే చీరుకుపోతాయి, రబ్బరు చైను ఒక లెక్కా? ఎవరైనా రమ్మంటే, "నాదేముందండీ, మా ఓనరు ఒప్పుకోడు" అనేవాడు. అడిగినవాడికి కోపం రాదు, బండికి దెబ్బ తగలదు. ఎక్కడో గుంటూరులో కూర్చున్న ఓనరు మాత్రం అందరిచేతా తిట్లు తింటాడు.

మరుసటి మాఘమాసంలో ఆదెయ్య నా షాపు దగ్గరికే వచ్చాడు. యలమంద అక్కడే ఉన్నాడు.

"అల్లుడూ, రేపు పొద్దున్నే బండి తీసుకురా. మిరపకాయ కోతకొచ్చింది. కల్లం చదును చెయ్యాల" అన్నాడు.

ఆ కల్లం పత్తి చేనికి అవతల ఉంది. ఇవతల నుంచి పోవాలంటే చేలోంచే దారి. కట్టె నిన్ననే కొట్టారు.

"మోళ్లు పీకించండి మామయ్యగారూ, మర్నాడే వస్తాను."

"కూలోళ్లు ఎక్కడున్నారయ్యా? అందరూ మిరప కోతల్లో ఉన్నారు. అయినా నువ్వెవర్ని అడగాల? ఓనరువి నువ్వే గదా!"

ఆదెయ్య ఆ మాట సంబరంగానే అన్నాడు, ఎత్తిపొడుపుగా కాదు. అల్లుడు ఓనరైనందుకు ఆయన మీసం కూడా కొంచెం పైకి లేచింది. యలమంద నోరు తెరిచాడు. అలవాటైన మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. చూపించడానికి వాడికి ఇప్పుడు ఇంకొకడు లేడు. నేనైతే ముసలాయన మొహం మీదే కుదరదనేవాణ్ణి. కానీ ఆయన ఇచ్చిన చేను అమ్మి కొన్న బండి నాది కాదుగా.

మర్నాడు మోళ్ల మీదుగా పోయి, కల్లం చేసి, మోళ్ల మీదుగానే తిరిగొచ్చాడు. ఎడమ చైను నాలుగైదు చోట్ల చీరుకుపోయి, లోపలి ఉక్కు తీగలు కనపడుతున్నాయి. వాటిలోకి తడి పోతే తుప్పు పట్టి తెగుతాయి. ఆ సంగతి నాకంటే వాడికే బాగా తెలుసు.

"నడుస్తుండగానే అమ్మెయ్" అన్నాను.

"చైను మారిస్తే సరిపోద్దిరా."

మార్చాడు. ఒక్కటే మార్చాడు! జత ధర విని గుండె జారి, ఎడమది మాత్రం కొత్తది వేయించాడు. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడాడు. కొత్త చైను ఒకవైపు, అరిగిన చైను ఒకవైపు అయ్యేసరికి బండి కుడికి లాగడం మొదలుపెట్టింది. సరిచేసుకుంటూ నడిపేసరికి కుడి చైనును తిప్పే మోటారు మీద భారం పడి, అది పోయింది. మోటారు అరిగి రాలిన ఇనుప రజను దాన్ని నడిపే నూనెలో కలిసి, ఆ నూనెను తోసే పంపును తినేసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ప్రతిసారీ ఒకటే పాట. "ఇదొక్కటి చేయించానంటే ఇక కొత్తదేరా." ఆ ఒక్కదాని తర్వాత ఇంకొకటి. నేను తిట్టేవాణ్ణి. వాడు తల వంచుకుని వినేవాడు, మళ్లీ గుంటూరు బస్సెక్కి పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరిగేవాడు. బండి నా షాపు ముందు వానకు తడుస్తూ నిలబడిపోయింది.

ఒక సాయంత్రం శివపార్వతి వచ్చింది. ఆమె అప్పటికి గుంటూరులో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతోంది. మంట వల్ల రెండు చేతులూ ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకుంది. ఒకప్పుడు సొంత చేను ఉన్న మనిషి! నాకు ఆ చేతుల వంక చూడబుద్ధి కాలేదు.

"అన్నయ్యా, దాన్ని అమ్మెయ్యమని నువ్వన్నా చెప్పు. నేను చెబితే నా చేను గురించి ఎత్తుతున్నాననుకుంటాడు" అంది.

చెప్పాను. ఆ రోజు తిట్టలేదు. యలమంద నడవని బండి సీట్లో కూర్చుని ఉన్నాడు.

"ఇంకొకళ్ల బండైతే మొదటి రోజే చెప్పేవాణ్ణిరా, దీన్ని వదిలించుకోండని. నాదయ్యేసరికి నోరు రాలేదు" అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. ఎందుకు దాచాలి?

కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. వచ్చినవాడల్లా కిందికి వంగి చూసి, పెదవి చప్పరించి పోయాడు. చివరికి చీరాల వైపు కాంట్రాక్టరు చైతన్యకృష్ణ, వాడరేవులో రిసార్టు ఇసుక చదునుకు కావాలని బేరం చేశాడు. ఎంతకన్నది చెప్పను. చెబితే నాకే సిగ్గు. నేను నానా తంటాలు పడి, బండి కదిలేలా మాత్రం చేసిచ్చాను.

తీసుకెళ్లే రోజు శివపార్వతి కూడా వచ్చింది. ట్రైలరుకు రెండు ఇనుప పలకలు వాల్చారు. వాళ్ల డ్రైవరు సగం ఎక్కించేసరికి బండి కుడికి లాగి, చైను పలక అంచు దాటింది. కుర్రాడు భయపడి వెనక్కి దించేసి, "నా వల్ల కాదు సార్" అని దూరం జరిగాడు. చైతన్యకృష్ణ ఫోన్లో ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

యలమంద ఎవర్నీ అడగలేదు. బకెట్టు మీదుగా ఎక్కి సీట్లో కూర్చున్నాడు. అది లాగేలోపే దాన్ని ఎడమకు సర్దుకుంటూ, ఎక్కడా ఆగకుండా పైకి తీసుకుపోయి సరిగ్గా మధ్యలో నిలబెట్టాడు. బకెట్టు కిందికి ఆనించి, ఇంజను ఆపి దిగాడు.

ట్రైలరు మీదికి బండి ఎక్కించిన డ్రైవరుకు బత్తా చేతిలో పెట్టడం ఈ పనుల్లో మామూలు. చైతన్యకృష్ణ ఫోను చెవికి ఆనించుకునే జేబులోంచి రెండొందల నోటు తీసి, మొహం కూడా చూడకుండా యలమంద వైపు చాచాడు. నేను అరవబోయాను. అప్పటికే వాడి చెయ్యి ముందుకు పోయింది. అన్నేళ్ల అలవాటది, మనిషి కంటే ముందు చెయ్యి పోతుంది. నోటు అందుకుని, కళ్లకద్దుకుని, "ఉంటానండీ" అన్నాడు.

ట్రైలరు మలుపు తిరిగింది. యలమంద అప్పుడు చూసుకున్నాడు, చేతిలో ఏముందో. తర్వాత వచ్చి దాన్ని శివపార్వతికి ఇచ్చాడు. మంట తగ్గని ఆ వేళ్లతో ఆమె నోటు మడిచి కొంగున ముడి వేసుకుని, "పద, అన్నం తిందువు గాని" అంది.